కిరసనాయిలు ఆవిరైన వెలుగు

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ కృష్ణా పశ్చిమ డెల్టా ఊళ్లు. కరెంటు తీగలు పల్లెపల్లెకూ చేరకముందు ఈ నేల మీద రాత్రిపూట పదిమంది చేరి చేసే ఏ పనికైనా పెట్రోమాక్స్ లైటే ఆధారం. వరికుప్పలు నూర్చాలన్నా, పెళ్లి ఊరేగింపు కదలాలన్నా, తిరునాళ్లలో అంగడి తెరవాలన్నా అదే కావాలి. మనవాళ్లు దాన్ని గ్యాసులైటు అని కూడా పిలిచారు. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో స్త్రీపాత్రలు ధరించి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు కాలం అది. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు ప్రాణం పోసిన కాలం కూడా అదే. కరెంటు లేని ఊళ్లో పద్యనాటకం ఆడాలన్నా, బుర్రకథ చెప్పాలన్నా ముందు లైట్లు అద్దెకు తెచ్చుకోవాలి, వాటిని వెలిగించడం తెలిసిన మనిషిని పిలుచుకోవాలి.

ఆ మనిషి పని చూసేవాళ్లకు తేలిగ్గా కనపడేది. నిజానికి అతను ఒక చిన్న ఒత్తిడి పాత్రనూ, దాని పక్కనే ఒక మంటనూ, ఆ రెంటి మధ్య ప్రవహించే నూనెనూ ఒకేసారి అదుపులో పెట్టేవాడు. ఇప్పుడు ఆ లైట్లు అటకల మీద ఉన్నాయి, పాత ఇత్తడి సామాను కొనేవాళ్ల దగ్గర ఉన్నాయి. వాటిని ఇష్టంగా తెచ్చుకుని, తళతళలాడేలా తోమి, వెలిగించాలని చూసే కుర్రవాళ్లు ఉన్నారు. తోమడం ఎవరికైనా వస్తుంది. వెలిగించడానికి మాత్రం లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఈ లైటులో వచ్చే ప్రతి ఇబ్బందికీ మూలం నాలుగింటిలో ఒకటి: ఒత్తిడి, వేడి, గాలి, నూనె. వీటిలో ఏది తప్పిందో చెప్పగలిగితే బాగుచేయడం కష్టం కాదు. చెప్పలేకపోతే అగ్గిపుల్ల గీయకూడదు.

వత్తి లేని దీపం

బుడ్డిదీపంలో వత్తి కిరసనాయిలును పైకి లాగుతుంది. మంట వేడికి వత్తి కొసన నూనె ఆవిరై అంటుకుంటుంది. అయితే ఆ ఆవిరికి చాలినంత గాలి మంట నడిమి దాకా చేరదు. మండీ మండని కార్బన్ రేణువులు కాగి పసుపుపచ్చగా వెలుగుతాయి. అలా కూడా కాలకుండా మిగిలినవి మసిగా మారి చూరుకు పడతాయి. అంటే బుడ్డిదీపం వెలుగంతా సగంలో ఆగిన దహనం నుంచి వస్తున్నదే.

పెట్రోమాక్స్ ఈ పనిని రెండుగా విడదీసింది. మొదట నూనెను పూర్తిగా ఆవిరి చేసి, దానికి కావలసినంత గాలి కలిపి, మసి లేని నీలిమంటగా మండిస్తుంది. ఆ మంటకు వెలుగు తక్కువ, వేడి ఎక్కువ. తర్వాత ఆ వేడితో ఒక ఘనపదార్థాన్ని తెల్లగా వెలిగేదాకా కాలుస్తుంది. మనం చూసే వెలుగు ఆ ఘనపదార్థానిదే; వల ఆకారంలో ఉండే దాని పేరే మేంటిల్.

నూనె నడిచే దారి ఇది. అడుగున ఉన్న ఇత్తడి ట్యాంకులోకి పంపుతో గాలి కొడతాం. పంపు కొసన ఒక చిన్న వాల్వు ఉంటుంది. సైకిల్ ట్యూబు వాల్వులాగే అది గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. లోపల చేరిన గాలి కిరసనాయిలును నొక్కితే, నూనె నిలువు గొట్టంలోంచి పైకి ఎక్కుతుంది. ఆ గొట్టం మేంటిల్ పక్కనుంచే పోతుంది కనుక బాగా కాగి ఉంటుంది. కిరసనాయిలు ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలై 300 డిగ్రీల దాకా ఒక్కొక్కటే మరుగుతుంది. గొట్టం అంత వేడిగా ఉంటేనే నూనె మొత్తం ఆవిరవుతుంది.

ఆ ఆవిరి గొట్టం కొసన ఉన్న సన్నని బెజ్జంలోంచి చిమ్ముకొస్తుంది. బెజ్జం వెడల్పు మిల్లీమీటరులో చిన్న భాగం. అంత సన్నని దారిలోంచి వేగంగా దూకే ఆవిరి చుట్టుపక్కల గాలిని తనతో లాక్కుపోతుంది. రెండూ కలిసే గొట్టంలో బాగా కలిసి, పైన వంపు తిరిగి, కిందికి చూసే పింగాణీ మూతి దగ్గర మేంటిల్‌లో మండుతాయి. లైటు చేసే బుసబుస చప్పుడు ఈ ఆవిరి వేగానిదే. అలవాటైన చెవికి ఆ చప్పుడు మారగానే లోపల ఏదో తేడా వచ్చిందని తెలిసిపోతుంది.

ఒకసారి వెలిగిందంటే మేంటిల్ వేడే గొట్టాన్ని కాస్తుంది, గొట్టం ఇచ్చే ఆవిరే మేంటిల్‌ను మండిస్తుంది. ఈ చక్రం తనంతట తాను మొదలు కాలేదు. అందుకే మొదట గొట్టాన్ని బయటి మంటతో కాచాలి. పెట్రోమాక్స్ ప్రమాదాల్లో చాలా భాగం ఈ మొదటి రెండు మూడు నిమిషాల్లోనే పుడతాయి.

మేంటిల్ కథ

ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1885లో మేంటిల్‌కు పేటెంటు తీసుకున్నాడు. నూలు వలను లోహ లవణాల ద్రావణంలో ముంచి ఆరబెట్టి కాలిస్తే నూలు మాయమై, ఆ వల ఆకారంలోనే లోహపు ఆక్సైడు మిగులుతుంది. మొదటి మేంటిల్ వెలుగు పచ్చగా ఉండేది, చేతిలో నిలిచేది కాదు. 1891 నాటికి ఆయన సరైన పాళ్లు కనిపెట్టాడు: 99 పాళ్లు థోరియం ఆక్సైడు, 1 పాలు సీరియం ఆక్సైడు.

ఈ ఒక్క పాలులోనే కిటుకు ఉంది. థోరియం ఆక్సైడు 3,300 డిగ్రీల దాకా కరగదు. అది కంటికి కనపడని పరారుణ కిరణాలను చాలా తక్కువగా వెదజల్లుతుంది కాబట్టి మంటలో దాని వేడి వృథా కాదు. అయితే అది ఒక్కటే ఉంటే వెలుగు కూడా అంతంతమాత్రమే. కొద్దిగా సీరియం కలిస్తే ఆ వేడి కంటికి కనపడే కాంతిగా బయటికి వస్తుంది. సీరియం మరీ ఎక్కువైతే పరారుణంలో వేడి పోయి మేంటిల్ చల్లబడుతుంది. నూటికి ఒక పాలు దగ్గర వెలుగు అత్యధికం.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. థోరియం దొరికే ఖనిజం మోనజైటు. తిరువాన్కూరు నుంచి జర్మనీకి వెళ్లిన కొబ్బరిపీచు తాళ్లకు అంటుకున్న ఇసుకలో ఈ ఖనిజాన్ని 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త గుర్తించాడు. రెండేళ్లలోనే తిరువాన్కూరులోని మనవాళకురిచ్చిలో ఇసుకను వేరుచేసే కర్మాగారం వెలిసింది. ఆంధ్రతీరంలో భీమునిపట్నం వంటి చోట్ల కనపడే నల్లని ఇసుకలోనూ మోనజైటు ఉంది. ఇక లైటు విషయానికొస్తే, బెర్లిన్‌లోని ఎహ్రిష్ అండ్ గ్రెట్జ్ కంపెనీ 1910 ప్రాంతంలో పెట్రోమాక్స్ తయారీ మొదలుపెట్టింది. తర్వాత అదే నమూనాలో ప్రభాత్ వంటి స్వదేశీ లైట్లు వచ్చాయి. డెల్టా ఊళ్లలో ఈ రెండు రకాలూ కనపడతాయి.

లైటు మీద 500 క్యాండిల్ పవర్ అని ముద్ర ఉంటుంది. వాడకంలో దాని వెలుగు 100 వాట్ల పాత తీగబల్బు వెలుగుకు దగ్గరగా ఉంటుంది. ఎనిమిది గంటలకు ఒక లీటరు తాగుతుందని లెక్కవేస్తే, లీటరు కిరసనాయిలులో సుమారు 35 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది కనుక, ఇది 1,200 వాట్ల హీటరుతో సమానం. వెలుగుగా మారేది అందులో కొద్ది భాగమే. మిగతాదంతా గ్లాసు నుంచీ పై టోపీ నుంచీ వేడిగా వస్తుంది. లైటును ఎక్కడ వేలాడదీయాలో నిర్ణయించేటప్పుడు ఈ 1,200 వాట్ల అంకె మనసులో ఉండాలి.

పాత లైటు చేతికి వస్తే

మొదట ట్యాంకును చూడాలి. పనిచేసేటప్పుడు దానిలో ఒత్తిడి సుమారు 2 బార్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 2 కిలోల బలం. ట్యాంకు అడుగు వ్యాసం 16 సెంటీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. ఒక్క అడుగు పళ్లెం మీదే 400 కిలోల బలం పడుతోంది. అడుగు ఉబ్బి ఉన్నా, అతుకు దగ్గర పగులు కనపడినా, ఎవరో సీసంతో మాటు వేసి ఉన్నా ఆ లైటును అలంకారంగా ఉంచుకోవాలి, వెలిగించకూడదు.

ఇత్తడికి ఒక గుప్తరోగం ఉంది. వంచి సాగదీసి ఆకారం ఇచ్చిన ఇత్తడిలో లోపలి బిగువు మిగిలిపోతుంది. అలాంటి ఇత్తడికి అమ్మోనియా తగిలితే కాలక్రమంలో తనంతట తానే పగుళ్లిస్తుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోని గుర్రపుశాలల్లో, వానాకాలంలో దాచిన ఇత్తడి తూటా తొడుగులు ఇలా పగిలాయి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా అందుకు కారణమని 1921లో నిర్ధారించారు. పశువుల కొట్టంలోనో కోళ్లషెడ్డులోనో ఏళ్ల తరబడి పడి ఉన్న లైటును అందుకే మరింత అనుమానంగా చూడాలి. సూర్యలంక, నిజాంపట్నం వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి చేసే చెరుపు దీనికి అదనం.

కంటికి బాగున్న ట్యాంకును నీళ్లతో పరీక్షించాలి. నూనెను పైకి వదిలే తిప్పుడు చక్రం మూసి, ట్యాంకు నిండా నీళ్లు పోసి, పైన కొద్దిగా మాత్రమే గాలి ఉంచి, మూత బిగించి, ఒత్తిడి చూపే మీటరు ఎర్రగీత చేరేదాకా పంపు కొట్టాలి. నీళ్లు కుదించుకోవు. కాబట్టి ట్యాంకు బలహీనంగా ఉండి చీలినా చుక్కలు కారి ఊరుకుంటుంది. అదే ట్యాంకు నిండా గాలి ఉంటే ముక్కలు ఎగిరిపడతాయి. అరగంట ఉంచి అతుకులన్నీ వేలితో తడిమి చూడాలి. మూత చుట్టూ, మీటరు చుట్టూ సబ్బునురుగు పూస్తే గాలి పోయే చోట బుడగలు వస్తాయి. లీకు వెతకడానికి అగ్గిపుల్ల ఎప్పుడూ వాడకూడదు. పరీక్ష అయ్యాక నీళ్లు పూర్తిగా వంచి, ఎండలో బాగా ఆరబెట్టాలి.

తర్వాత వాషర్లు. మూత కింది రబ్బరు ఎండి గట్టిపడితే మార్చాలి. పంపు కొసన ఉన్న తోలు వాషరు ఎండిపోతే గాలి పక్కనుంచి జారిపోతుంది. దాన్ని కందెన నూనెలో నానబెట్టి, అంచును వేళ్లతో బయటికి విప్పితే మళ్లీ పట్టు వస్తుంది. పంపు అడుగు వాల్వులోని చిన్న రబ్బరు బిళ్ల పాతదైతే సందేహం లేకుండా కొత్తది వేయాలి. అది ఖరీదులో అతి చిన్నది, భద్రతలో అతి పెద్దది.

వెలిగించే క్రమం

ఆరుబయట, గట్టి నేల మీద, గాలివాటు తక్కువగా ఉన్న చోట లైటును నిలువుగా పెట్టాలి. పక్కన బకెట్టుతో పొడి ఇసుక, తడిపిన గోనెపట్టా ఉండాలి. మండే నూనె మీద నీళ్లు పోయకూడదు. నూనె నీటికంటే తేలిక కనుక నీటి మీద తేలి, మంటతో సహా పారుతుంది.

ట్యాంకును ముప్పాతిక దాకా మాత్రమే నింపాలి. పైన మిగిలిన గాలే నూనెను నెట్టే శక్తి. ట్యాంకులో గాలికి 300 మిల్లీలీటర్ల చోటే ఉందనుకుందాం. మీటరు 2 బార్లు చూపిస్తుంటే లోపలి అసలు ఒత్తిడి, వాతావరణంతో కలిపి, 3 బార్లు. గంటంపావులో 150 మిల్లీలీటర్ల నూనె కాలితే గాలి 450 మిల్లీలీటర్లకు వ్యాపిస్తుంది. బాయిల్ సూత్రం ప్రకారం అసలు ఒత్తిడి 2 బార్లకు దిగుతుంది. అంటే మీటరు సగానికి పడిపోతుంది. అదే గాలికి 800 మిల్లీలీటర్ల చోటు ఉంటే మీటరు ఒకటిన్నర దగ్గరే నిలుస్తుంది. నిండు ట్యాంకు లైటుకు మాటిమాటికీ పంపు కొట్టవలసి రావడానికీ, నూనె తగ్గినకొద్దీ ఆ అవసరం తగ్గడానికీ ఇదే కారణం.

మేంటిల్‌ను పింగాణీ మూతికి సమంగా ముడతలు సర్ది కట్టాలి. మొదటిసారి కాలినప్పుడు అది ముడుచుకుని, బూడిద వల వంటి పెళుసు ఆక్సైడుగా మారుతుంది. ఆ తర్వాత దాన్ని వేలితో తాకకూడదు, లైటును కుదపకూడదు.

స్పిరిటు గిన్నె ఉన్న లైటులో ట్యాంకులోని గాలిని బయటికి వదిలే మరను (గాలిమరను) వదులుగా ఉంచి, గిన్నె నిండా స్పిరిటు పోసి వెలిగించాలి. గొట్టం కాగుతుంది. స్పిరిటు చివరికొచ్చే సమయానికి గాలిమర బిగించి, కొద్దిగా పంపు కొట్టి, చక్రాన్ని నెమ్మదిగా తెరిస్తే మేంటిల్ అంటుకుంటుంది. వెలుగు తెల్లబడ్డాక మిగతా ఒత్తిడి ఎక్కించాలి. గొట్టం చాలినంత కాగలేదని తోస్తే, గిన్నె పూర్తిగా ఆరి చల్లారేదాకా ఆగి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. పగటి వెలుతురులో స్పిరిటు మంట దాదాపు కనపడదు. ఆరిపోయిందనుకుని రెండోసారి స్పిరిటు పోస్తే మంట ధారవెంట డబ్బాలోకి ఎక్కుతుంది. ఈ ఒక్క తొందర చేసిన గాయాలు ఎన్నో ఉన్నాయి.

కొన్ని లైట్లకు గిన్నెకు బదులు, ట్యాంకు ఒత్తిడితోనే నడిచే చిన్న ఊదుమంట ఉంటుంది. దానికి ముందే ఒత్తిడి ఎక్కించి, ఊదుమంటతో గొట్టాన్ని ఒకటిన్నర నిమిషానికి తగ్గకుండా కాచాలి.

ఆర్పేటప్పుడు చక్రం మూసి, గాలిమర వదులు చేసి ఒత్తిడి మొత్తం దించాలి. మూత తీయడమైనా, నూనె పోయడమైనా లైటు పూర్తిగా చల్లారాకే.

లోపం ఎక్కడుందో పట్టుకోవడం

*పెద్ద పసుపుమంట లేస్తే* గొట్టం చాలినంత కాగలేదని అర్థం. ఆవిరికి బదులు నూనె చుక్కలు వస్తున్నాయి. ఆ స్థితిలో పంపు కొడితే మంట ఇంకా పెరుగుతుంది. వెంటనే చక్రం మూసి, గాలిమర తిప్పి ఒత్తిడి వదలాలి. నెట్టే బలం పోతే నూనె ఆగుతుంది, మంట దానంతట తగ్గుతుంది. మంట గాలిమర దాకా చుట్టేసి ఉంటే మాత్రం చెయ్యి పెట్టకూడదు, మనుషులను దూరంగా పంపి ఇసుక చల్లాలి. అందుకే వెలిగించేముందే, కళ్లు మూసుకున్నా చెయ్యి నేరుగా గాలిమర మీదికి పోయేలా సాధన చేయాలి.

*వెలుగు ఎగసి పడుతూ ఉంటే* వేడి, నూనె రెంటినీ అనుమానించాలి. గొట్టం అరకొరగా కాగినా, దాని లోపల బొగ్గు పేరుకున్నా, కిరసనాయిలులో నీరు కలిసినా ఇలా జరుగుతుంది. తేమ ఎక్కువైన మన తీరంలో సగం ఖాళీగా ఉన్న డబ్బాలో రాత్రిపూట నీటిచుక్కలు కడతాయి. నూనెను ఒక రాత్రి కదపకుండా తేర్చి, పైభాగాన్ని మాత్రమే సన్నని గుడ్డలో వడపోసి వాడాలి.

*వెలుగు మెల్లగా మసకబారితే* ముందు మీటరు చూడాలి. ఒత్తిడి తగ్గి ఉంటే పంపు కొట్టాలి. ఒత్తిడి బాగానే ఉంటే బెజ్జంలో మసి అడ్డుపడింది. చక్రాన్ని ఒక పూర్తి చుట్టు చురుగ్గా తిప్పితే లోపలి సూది బెజ్జంలోకి వెళ్లి వచ్చి దాన్ని శుభ్రం చేస్తుంది. పంపు స్టవ్వులో పిన్నుతో మనం చేసిన పనిని ఇక్కడ లైటే చేసుకుంటుంది. బయటినుంచి లావు తీగతో పొడిచి బెజ్జాన్ని పెద్దది చేస్తే మరి ఆ భాగం మార్చవలసిందే.

*మేంటిల్ నల్లబడితే* గాలికి మించి నూనె వస్తోంది. బెజ్జం అరిగి పెద్దదైనా ఇలాగే అవుతుంది. ఎక్కువసార్లు కారణం గాలిదారి మూసుకుపోవడం. అటక మీద పడి ఉన్న లైటులో గాలి కలిసే గొట్టంలో సాలీడు గూడు అల్లుతుంది, కందిరీగ మట్టిగూడు కడుతుంది. గొట్టం విప్పి సన్నని బ్రష్షుతో తోస్తే రోగం నయమవుతుంది.

*మేంటిల్‌కు చిల్లి పడితే* ఆ రాత్రికి సర్దుకుందామని అనుకోకూడదు. చిల్లిలోంచి సన్నని మంట సూటిగా గ్లాసుకు తగిలి, ఒకేచోట కాగిన గ్లాసు పగులుతుంది. లైటు ఆర్పి, చల్లారాక, కొత్త మేంటిల్ కట్టాలి.

*పంపు పిడి తనంతట పైకి లేస్తుంటే* అడుగు వాల్వు పనిచేయడం లేదు. ట్యాంకు ఒత్తిడి, దానివెంట నూనె, పంపులోకి తిరిగివస్తున్నాయి. వెలిగే లైటులో ఇది కనపడితే పిడిని పట్టుకుని నొక్కుతూ కూర్చోకూడదు. చక్రం మూసి, ఒత్తిడి దించి, ఆర్పేయాలి. *చక్రం కాడ మొదట్లో చిన్న మంట కనపడితే* అక్కడి బిగింపు నట్టు వదులైంది. వేడిమీద బిగించకుండా, ఆర్పి చల్లార్చాకే బిగించాలి. అప్పటికీ ఆగకపోతే లోపలి పూరకం మార్చాలి.

నూనె, గాలి, పైకప్పు

కిరసనాయిలు లైటులో పెట్రోలు ఎప్పటికీ పోయకూడదు, ఒక్క చెంచా కూడా కలపకూడదు. కిరసనాయిలు 38 డిగ్రీలకు మించి వేడెక్కితే గానీ దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకునేంత చిక్కబడదు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకుంటుంది. మన ఊరి ఎండలో ట్యాంకు చుట్టూ ఎప్పుడూ మండే ఆవిరి ఉన్నట్టే. రేషన్ దుకాణాల్లో నీలిరంగు కిరసనాయిలు దొరకడం అరుదైన ఈ రోజుల్లో దేనినో ఒకదాన్ని పోసి చూద్దామన్న ఆలోచన వస్తుంది. డీజిలు, థిన్నరు, పెట్రోలు ఏవీ ప్రత్యామ్నాయాలు కావు. సరైన నూనె దొరికేదాకా లైటు ఆగవచ్చు.

ఒక కిలో కిరసనాయిలు పూర్తిగా కాలడానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. ఆ లెక్కన ఈ లైటు గంటకు 1,200 లీటర్లకు పైగా గాలిని వాడుకుంటుంది. తలుపులు బిగించిన గదిలో ప్రాణవాయువు తగ్గుతూ పోతే దహనం సగంలో ఆగి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు దాని గుర్తులు. ఈ లైటు పక్కన ఎవరూ నిద్రపోకూడదు.

తాటాకు పందిరి, వరిగడ్డి వాము, గుడ్డ తెర ఈ మూడింటి దగ్గరా పెట్రోమాక్స్ పెట్టకూడదు. టోపీ నుంచి లేచే వేడిగాలి తిన్నగా పైకి పోతుంది. అందుకే లైటు పైన కనీసం ఒక మీటరు, వీలైతే ఇంకా ఎక్కువ, ఖాళీ ఉండాలి. వాన చినుకు పడితే కాగిన గ్లాసు పగులుతుంది కాబట్టి చూరు అంచున కూడా వేలాడదీయకూడదు. పిల్లలకు అందే ఎత్తులో అసలే వద్దు.

పాత మేంటిళ్లలోని థోరియం స్వల్పంగా రేడియోధార్మికమైనది. థోరియం-232 అర్ధాయుర్దాయం 1,400 కోట్ల సంవత్సరాలు. అంత నిదానంగా క్షీణించే పదార్థం గ్లాసు వెనుక వెలుగుతూ ఉంటే భయపడాల్సింది లేదు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి, కడుపులోకి పోకుండా చూసుకోవాలి. కొత్త మేంటిల్‌ను మొదటిసారి కాల్చేటప్పుడు ఆరుబయట, పొగకు ఎదురుగా నిలబడకుండా కాల్చాలి. విరిగిన మేంటిల్ పొడిని ఊదకూడదు. తడిగుడ్డతో ఎత్తి, సంచిలో కట్టి పారేసి, చేతులు కడుక్కోవాలి. ఇప్పుడు ఇట్రియంతో చేసిన మేంటిళ్లు దొరుకుతున్నాయి. అవి దొరికినచోట వాటినే వాడటం మంచిది.

తుపాను తీరంలో ఈ లైటు స్థానం

1977 నవంబరు 19న దివిసీమనూ కృష్ణకు ఈవల రేపల్లె తీరాన్నీ ఉప్పెన ముంచెత్తింది. పదివేలమందికి పైగా ప్రాణాలు పోయాయి. 1990 మే 9న మరో పెద్ద తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇలాంటి తీరంలో కరెంటు లేని రాత్రికి ఇంట్లో ఒక వెలుగు సిద్ధంగా ఉంచుకోవడం వివేకం. ఆ వెలుగు మాత్రం పెట్రోమాక్స్ కాకూడదు. తుపాను రాత్రి తలుపులు మూస్తాం, గాలి ఆడదు, మనుషులు ఒకేచోట కిక్కిరిసి ఉంటారు, చేతులు వణుకుతుంటాయి. ఈ లైటుకు కావలసింది అందుకు పూర్తిగా వ్యతిరేకం. పది పన్నెండు వాట్ల ఎల్ఈడీ లైటు దీనికి సమానమైన వెలుగునిస్తుంది, మంట లేదు, పొగ లేదు. తుపాను రాత్రి అదే ఉండాలి.

పెట్రోమాక్స్‌కు తగిన చోటు వేరే ఉంది. పీడనం, బాష్పీభవనం, గాలిని లాగే ఆవిరి ధార, సంపూర్ణ దహనం, పదార్థాల కాంతి, రేడియోధార్మికత, లోహాల పగుళ్లు, ఇన్ని పాఠాలను ఒక్కచోట చూపించే పరికరం బడిలో ఇంకొకటి దొరకదు. నీళ్ల పరీక్ష నెగ్గిన ఒక్క లైటును, అనుభవం ఉన్న పెద్దమనిషి చేత, ఆరుబయట, దూరంగా నిలబెట్టిన పిల్లల ముందు వెలిగిస్తే బాయిల్ సూత్రం వాళ్లకు మరి పుస్తకంలో వాక్యంగా ఉండిపోదు. పెళ్లిళ్లకూ నాటకాలకూ లైట్లు అద్దెకిచ్చి, చప్పుడు విని లోపం చెప్పగలిగిన వాళ్లు డెల్టా ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల వయసు పెరుగుతోంది. బడులూ కళాశాలలూ వాళ్లను పిలిచి, వాళ్లు చేసేది చూసి, ప్రతి అడుగుకూ కారణం రాసి ఉంచాలి. వాళ్ల చేతికి తెలిసిన సంగతికి పిల్లలు కారణం చెప్పగలిగిన రోజున ఆ పనితనం ఇంకో తరానికి క్షేమంగా అందుతుంది.